పపైరస్సా, పార్చ్‌మెంటా?

మధ్యయుగపు యూరప్ మఠాల్లో సన్యాసులు గ్రంథాలకు నకళ్లు రాశారని వింటాం. వాళ్లు దేని మీద రాశారన్నది నాకు ఇంకా ఆసక్తి.

పపైరస్ నైలు ఒడ్డున పెరిగే తుంగజాతి మొక్క నుంచి వచ్చేది. తేలిగ్గా ఉంటుంది. ఈజిప్టు పొడి గాలిలో వేల ఏళ్లు నిలిచింది. యూరప్ చెమ్మకు మాత్రం తట్టుకోలేదు, మడిస్తే చిట్లిపోతుంది.

పార్చ్‌మెంట్ అంటే తోలు. దూడ, గొర్రె లేదా మేక చర్మాన్ని సున్నపు నీళ్లలో నానబెట్టి, చట్రానికి బిగించి, వంపు కత్తితో గీకి ఆరబెడతారు. రెండు వైపులా రాయొచ్చు, మడిచి పుస్తకంగా కుట్టొచ్చు. రాసే సన్యాసికి ఒక చేతిలో ఈక కలం, ఇంకో చేతిలో చిన్న కత్తి. ఆ కత్తితోనే పేజీ కదలకుండా అదిమిపెట్టి, తప్పు పడితే అక్షరాన్ని గీకేసి, అక్కడే మళ్లీ రాసేవాడు. మన తాటాకు మీద గంటంతో గీసిన అక్షరానికి ఆ అవకాశం లేదు.

ఖర్చు మాత్రం భయంకరం. ఇంగ్లండ్‌లోని వేర్‌మత్-జారో మఠంలో 716కు ముందు తయారైన కోడెక్స్ అమియాటినస్ బైబిల్‌కు 500కు పైగా తోళ్లు పట్టాయి. బరువు సుమారు 34 కిలోలు. ఇప్పటికీ ఫ్లోరెన్స్‌లో భద్రంగా ఉంది.

అందుకే నా ఓటు పార్చ్‌మెంట్‌కే. అది గీకేసిన అక్షరాన్ని కూడా పూర్తిగా వదలదు. 10వ శతాబ్దంలో రాసిన ఆర్కిమెడిస్ ప్రతిని చెరిపేసి, 1229లో దాని మీద ప్రార్థనల పుస్తకం రాశారు. 1906లో హైబర్గ్ అనే పండితుడు ఆ ప్రార్థనల అడుగున ఆర్కిమెడిస్ గణితాన్ని గుర్తుపట్టాడు.