మోకా పాట్ కావాలా, నాపొలెతానా కావాలా?

కట్టెల మంటపై నిదానంగా వేగిన ఇటాలియన్ కాఫీకి, స్టవ్‌పై పెట్టే ఈ రెండు ఇటాలియన్ కాఫీ పాత్రలూ సరిపోతాయి.

మోకా (1933లో వచ్చింది): ఆవిరి ఒత్తిడితో 5 నిమిషాల్లో చిక్కటి కాఫీ.
నాపొలెతానా (తలకిందులు చేసే నేపుల్స్ పాత్ర): మన ఫిల్టర్‌లాగే చుక్కచుక్కగా, 5–10 నిమిషాలు.

పొడి: మోకాకు సన్నగా, నొక్కకుండా. నాపొలెతానాకు బరకగా, సన్నదైతే చిల్లులు పూడి దిగదు.

తప్పులు: మోకాలో నీళ్లు వాల్వ్ కిందికే ఉండాలి. మంట ఎక్కువైతే ముదురుగా వేగిన కాఫీ చేదెక్కుతుంది. గుడగుడ వినగానే దించేయండి. నాపొలెతానాలో పక్క చిల్లు నుంచి ఆవిరి రాగానే స్టవ్ ఆపి, రెండు పిడులూ పట్టుకుని ఒక్కసారిగా తలకిందులుగా తిప్పాలి. తడబడితే చెయ్యి కాలుతుంది. మూతికి కాగితపు టోపీ పెడితే వాసన నిలుస్తుంది. నేపుల్స్‌లో దాన్ని కుప్పెతియెల్లో అంటారు, తప్పక చేసి చూడండి.

పొద్దున తొందరకూ పాలకూ మోకా. తీరిక ఉండి, పాలు లేకుండా తాగేవారికి నాపొలెతానానే.