మూడో భాగంలో చనిపోవలసిన అమ్మాయి

'ది రొమాన్స్ ఆఫ్ టైగర్ అండ్ రోజ్' అనే చైనా సీరియల్‌ను ఇప్పటికి మూడుసార్లు మొదటి నుంచి చివరిదాకా చూశాను. మొదటిసారి 2020లో, అందరమూ ఇళ్ళల్లో ఉండిపోయిన రోజుల్లో. రెండోసారి రెండేళ్ళ తర్వాత, జ్వరం తగ్గి నీరసంతో మంచం మీద ఉన్నప్పుడు. మూడోసారి నిరుడు వేసవిలో, అమ్మ పక్కన కూర్చుని. సరిగ్గా చూసింది మాత్రం ఆ మూడోసారే అనిపిస్తుంది.

మొత్తం 24 భాగాలు. 2020 మే 18న చైనా వీడియో సైటు టెన్సెంట్ వీడియోలో మొదలైంది. ఏదో కాలక్షేపానికి పనికొస్తుందని మొదలుపెట్టాను. కాలక్షేపం బాగానే అయింది. అయితే కొన్ని కథలు చూసిన మర్నాటికే ఆవిరైపోతాయి, ఇది అలా పోలేదు. ఇన్నేళ్ళయినా పెరట్లో బట్టలు ఆరేస్తుంటే ఇందులోని ఏదో ఒక సన్నివేశం గుర్తొచ్చి నవ్వొస్తుంది.

చెన్ షియావోఛియెన్ ఈ కాలపు అమ్మాయి. సీరియళ్ళకు కథలు రాస్తుంది. నటులంతా కూర్చుని ఆమె రాసింది చదువుకొనే రోజున, కథానాయకుడి వేషం వేయవలసిన హాన్ మింగ్‌షింగ్ పేచీ పెడతాడు. ప్రేమ అనుభవమే లేని మనిషి రాసిన ప్రేమకథ నమ్మేటట్టు లేదంటాడు. పౌరుషానికి పోయి ఆమె రాత్రంతా కూర్చుని దిద్దుతుంది. అలసిపోయి సొమ్మసిల్లి, కళ్ళు తెరిచేసరికి తన కథలోనే ఉంటుంది. అదీ కథానాయికగా కాదు. మూడు భాగాలు దాటి బతకని మూడో రాజకుమారి చెన్ ఛియెన్‌ఛియెన్‌గా. పెళ్ళి రాత్రే ఆమెకు విషం పెట్టబోయే పెళ్ళికొడుకు హాన్ షువో ఎదురుగా ఉంటాడు. అతన్ని అలా రాసిందీ తానే.

సీరియల్‌కు చైనాలో పెట్టిన అసలు పేరుకు 'వదంతుల్లోని చెన్ ఛియెన్‌ఛియెన్' అని అర్థం. ఈ పేరే నాకు ఎక్కువ నచ్చుతుంది. రాజకుమారి పొగరుబోతు అనీ, దుర్మార్గురాలు అనీ ఊరంతా చెప్పుకుంటారు. ఆ చెడ్డపేరంతా ఈ అమ్మాయి ఒకనాడు రెండు మూడు వాక్యాల్లో రాసి పారేసిందే. కథానాయికకు వెలుగు రావాలని పక్కన ఒక చీకటి మనిషిని పెట్టింది, పని అయిపోగానే చంపేసింది. ఇప్పుడు ఆ మనిషి చర్మంలో తానే బతకాలి. నవ్వులాట వెనుక ఉన్న ఈ చిన్న మెలికే సీరియల్‌ను నిలబెట్టింది.

నవ్వులాట సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దాన్ని ఎంతో ఒడుపుగా చేశారు. ఛియెన్‌ఛియెన్‌కు కావలసింది ఒక్కటే: కథ తాను రాసినట్టు నడిచి ముగిస్తే తాను ఇంటికి పోవచ్చు. అందుకని హాన్ షువోను అసలు కథానాయిక అయిన రెండో రాజకుమారి చెన్ చూచూ వైపు నెట్టాలని చూస్తుంది. హాన్ షువోకు కావలసింది వేరు. పుట్టుకతోనే వచ్చిన గుండెజబ్బుకు మందుగా పనికొచ్చే నాగాస్థి (డ్రాగన్ ఎముక) కోసం అతను శత్రునగరంలో అల్లుడుగా అడుగుపెట్టాడు. ఎత్తులు వేయడమే ఊపిరిగా పెరిగినవాడు. ఎదుటివాళ్ళు ఏ పనీ ఊరికే చేయరని నమ్మేవాడు. ఈ అమ్మాయి ప్రాణం కాపాడుకోవడానికి చేసే ప్రతి తింగరి పనికీ అతని బుర్ర ఒక లోతైన కారణం వెతుకుతుంది. దొరికే కారణం ఎప్పుడూ ఒక్కటే: 'ఈమెకు నా మీద ప్రాణం.' అంగరక్షకుడు బాయ్ జీ దానికి వంత పాడతాడు. ఇద్దరూ ఎంతో గంభీరంగా చర్చించుకుని పూర్తిగా తప్పు నిర్ణయానికి వచ్చే ఘట్టాలు చూడడానికే నేను రెండోసారి మొదలుపెట్టాను.

ఈ పాత్ర వేసిన డింగ్ యూషి నవ్వించాలని ఎక్కడా ప్రయత్నించడు. ముఖం బిగించుకునే ఉంటాడు. ఆమె తనను ప్రేమిస్తోందని నిర్ధారణ చేసుకున్న క్షణంలో మాత్రం పెదవి కొస ఒక్క పిసరు కదులుతుంది, అంతే. ఛియెన్‌ఛియెన్‌గా జావ్ లూసిది దీనికి పూర్తిగా ఎదురు దారి. ఆమె మనసులో ఏ లెక్క నడుస్తోందో కళ్ళలో కనబడుతూనే ఉంటుంది. పైకి రాజకుమారి దర్పం, లోపల 'నేను ఇలా రాయలేదే' అన్న గాభరా. ఒకే చూపులో రెండూ చూపించడం తేలిక కాదు.

కథలో ఛియెన్‌ఛియెన్ పుట్టిన ఊరు హువాయువాన్ స్త్రీల రాజ్యం. పేరులోనే పువ్వు ఉంది. అక్కడ నగరాధిపతి స్త్రీ, కొలువు చేసేదీ స్త్రీలే. మగవాళ్ళు ఇల్లు కనిపెట్టుకుని, మర్యాద తప్పకుండా, కోరినవాళ్ళకు ఆటపాటలు వినిపిస్తూ ఉండాలి. హాన్ షువో ఊరు షువాన్‌హు, అంటే నల్లపులి. అక్కడ అంతా తలకిందులు, ఆడవాళ్ళకు మాటే లేదు. స్త్రీరాజ్యం మనకు కొత్త కాదు. అర్జునుణ్ణి ఎదిరించి నిలిచిన ప్రమీల కథ వింటూ పెరిగినవాళ్ళమే. అయితే ఆ కథ యాగాశ్వం వెంట వచ్చిన వీరుడితోపాటు ఊళ్ళోకి వెళ్ళి, అతనితోనే బయటికి వచ్చేస్తుంది. ఇక్కడ ఆ ఊళ్ళో అల్లుడు రోజూ ఎలా బతుకుతాడో కనబడుతుంది.

ఇక్కడే అమ్మ వచ్చింది. ఆమెకు తెర కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు అంత వేగంగా చదవడం కష్టం. నేను పక్కన కూర్చుని ఒక్కో మాటా తెలుగులో చెబుతూ వచ్చాను. మొదటి భాగం సగంలోనే ఒక చిక్కు వచ్చిపడింది. ఇంగ్లీషులో ఎవరు ఎవరిని పిలిచినా ఒకటే 'యూ'. తెలుగులో అలా కుదరదు కదా. అలవాటు కొద్దీ భర్త చేత 'నువ్వు' అనీ, భార్య చేత 'మీరు' అనీ పలికించాను. రెండు నిమిషాలు విని అమ్మ ఆపమంది. "ఆ ఊళ్ళో పెత్తనం ఆడవాళ్ళదని నువ్వే చెప్పావు. ఇల్లరికం వచ్చినవాడు అతను. అతని చేత మీరు అనిపించు, ఆ పిల్ల నువ్వు అంటుంది" అంది.

మార్చి చెప్పగానే సీరియల్ రంగే మారిపోయింది. "మీరు నా మీద కోపంగా ఉన్నారా?" అని హాన్ షువో అంటుంటే, అంతకుముందు రెండుసార్లు చూసినప్పుడు నా చెవికి ఆనని సంగతి తెలిసింది: ఈ కుర్రాడు కొత్త కోడలు. అత్తవారింట్లో ఎవరి ముఖం ఎలా ఉందో చూసుకుని అడుగు వేస్తున్నాడు. అమ్మ అతని పక్షం చేరిపోయింది. విషం కలిపిన సంగతి కూడా మన్నించింది.

చివరి భాగాలు బలహీనం. ముందు చూపిన చురుకు అక్కడ తగ్గుతుంది. సైన్యాలు, సింహాసనం, అపార్థాల మీద అపార్థాలు వచ్చి పడతాయి. పెద్ద ఖర్చుతో తీసింది కాదు కనుక యుద్ధం దగ్గర ఆ పేదరికం బయటపడుతుంది. చూచూ మారిపోయే తీరును కూడా తొందర తొందరగా లాగించారు. అదే నాకు ఎక్కువ బాధ. ఆమె కథానాయికగా రాయబడ్డ అమ్మాయి. తన కథ, తన మనిషి, తన గౌరవం ఒక్కొక్కటీ చెల్లెలి వైపు వెళ్ళిపోతుంటే ఎందుకో తెలియక నలిగిపోతుంది. తప్పు ఆమెది కాదు. రాసిన మనిషి వచ్చి ఆమె చోట కూర్చుంది. దీని మీద ఇంకో రెండు భాగాలు నిలిచి ఉంటే ఈ సీరియల్ నా దృష్టిలో ఇంకా చాలా ఎత్తున ఉండేది.

చూడదలచుకున్నవాళ్ళకు ఒక మాట. మొదటి రెండు భాగాల్లో గోల ఎక్కువ, మూడోదాకా ఓపిక పట్టండి. సబ్‌టైటిళ్ళు మంచివి ఉన్నచోటే చూడండి. నేను మొదటిసారి చూసినచోట మాటకూ అక్షరానికీ పొంతన లేక సగం హాస్యం పోయింది. రోజుకు రెండు భాగాలు చాలు, వరసగా చూస్తే ఆ అపార్థాలే విసుగు పుట్టిస్తాయి. పిల్లలతో, పెద్దవాళ్ళతో కూర్చుని చూడడానికి ఇబ్బంది లేదు.

కథ షువాన్‌హుకు చేరినప్పుడు మాకు మళ్ళీ చిక్కు వచ్చింది. ఆ ఊరి పద్ధతి ప్రకారం ఇప్పుడు ఛియెన్‌ఛియెన్ 'మీరు' అనాలి. నేను అలాగే చెప్పబోయాను. అప్పటిదాకా పగలబడి నవ్విన అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ పిల్ల చేత అలా అనిపించడం ఆమెకు ఇష్టం లేదు. అతని చేత అనిపించినప్పుడు నవ్వొచ్చింది, ఈమె చేత అనిపిస్తే నవ్వు రావడం లేదంది. ఆ భాగాన్ని అక్కడే ఆపి ఇద్దరం టీ పెట్టుకున్నాం.

గ్లాసులు కడిగి వచ్చి కూర్చున్నాక అమ్మే తేల్చింది. "ఇన్నాళ్ళు కలిసి ఉన్నారు, ఇద్దరూ నువ్వు అనుకుంటారులే. అతనికీ అదే బాగుంటుంది" అంది. అక్కడి నుంచి 24వ భాగం దాకా అలాగే చెప్పాను.