తొండల కోసం వెళ్తే మనిషికి ఆరు వందలు గుంజారు

వరంగల్ దగ్గర పాకాల చెరువు దారిలో మేం దిగిన బస పేరు రాయను, కానీ అక్కడ జరిగింది రాయకపోతే మాత్రం నాకు నిద్ర పట్టేలా లేదు.

మా అన్న కొడుకు డిగ్రీలో జువాలజీ చదువుతున్నాడు. ఎండలు ముదిరి తొలకరి పడే రోజుల్లో మగ తొండలు రంగెక్కుతాయి, జత కోసం కొట్టుకుంటాయి, వెళ్దాం అత్తా వెళ్దాం అని రెండు వారాలు చెవిలో జోరీగలా పోరాడు. సరేనని మృగశిర కార్తెకు రెండు రోజుల ముందు కరీంనగర్‌లో బస్సెక్కాం. నాకు జీరో టికెట్, వాళ్లిద్దరికీ కలిపి 260. "తొండలు మనింటి దడి మీద లేవా" అని మా ఆయన హుజూరాబాద్ దాకా సణుగుతూనే ఉన్నాడు.

గది 3,200. నెట్లో పెట్టిన ఫొటోలో చెరువు ఉంది, మా కిటికీలోంచి చూస్తే జనరేటర్ ఉంది. "నిపుణుడైన గైడ్‌తో నేచర్ వాక్" మనిషికి 600, ముందే కట్టాలి, అంటే ముగ్గురికి 1,800. పొద్దున ఐదున్నరకే తలుపు కొట్టాడు ఆ నిపుణుడు. ఇంత పొద్దున తొండలు బయటికి రావని, వాటికి ఒంట్లో వేడి మనలాగా పుట్టదని, ఎండ తగలాలంటే ఎనిమిదీ తొమ్మిదీ దాటాలని మా వాడు చెప్పాడు. గైడ్ విని కూడా విననట్టే నడిచాడు, ఎందుకంటే ఏడున్నరకి అతనికి ఇంకో బ్యాచ్ ఉందట. గంటన్నరలో అతను చూపించినవి ఒక పుట్ట, ఒక నెమలి ఈక, తన ఫోన్లో ఎవరో తీసిన చిరుత ఫొటో.

తిరిగొస్తుంటే కానుగ చెట్టు మొదట్లో ఒక తొండ కనిపించింది, బూడిద రంగులో, ఇంకా నిద్రమత్తులో ఉన్నట్టు. "అదిగో ఊసరవెల్లి" అన్నాడు గైడ్. మా వాడికి చిర్రెత్తింది. ఊసరవెల్లి తోకతో కొమ్మను చుట్టి పట్టుకుంటుంది, తొండకు అది రాదు, అసలు అది వేరే జాతి అని మొదలుపెట్టాడు. "తొండ ముదిరితే ఊసరవెల్లే కదా బాబూ" అన్నాడాయన, వేళాకోళం కాదు, నిజంగానే. సామెతకు 1,800 కట్టామన్నమాట!

అక్కడితో ఆగినా బాగుండేది. "రంగు మారుస్తది చూడండి మేడం" అని ఒక గులకరాయి తీసి దాని మీదికి విసిరాడు. నడుం దగ్గర తగిలింది. అది కింద పడి, లేచి, ఆకుల్లో దూరింది. చిన్నప్పుడు మేమూ కొట్టాం, తల ఊపితే మనల్ని వెక్కిరిస్తోందని, కాదనను. కానీ మేం ఎవరి దగ్గరా డబ్బులు తీసుకోలేదు. అప్పటిదాకా నోరు మెదపని మా ఆయన "ముందు వీని లాగులో తొండలు విడవాలె" అన్నాడు, కాస్త గట్టిగానే.

డబ్బులు వాపసు ఇవ్వమంటే మేనేజర్ "గైడ్ వచ్చిండు కదా మేడం, జంతువు రావుడు మా చేతుల్లో ఉండదు" అన్నాడు. పైగా చల్లారిన ఉప్మాకు మనిషికి 150. గదితో కలిపి టిఫిన్ ఉచితమని రాశారు కదా అంటే అది మామూలు రోజులకేనట, శని ఆదివారాలకు కాదట. పాకాల కట్ట మీద మాత్రం హాయిగా కూర్చున్నాం, 1213 నాటి కాకతీయుల చెరువు, దాన్ని ఎవడూ పాడు చేయలేడు.

ఆ రాత్రికి హనుమకొండ వచ్చి 1,100 గదిలో దిగాం, శుభ్రంగా ఉంది, చెప్పడానికి ఇంకేం లేదు.

మర్నాడు తొమ్మిదింటికి ఆటోలో, 80 రూపాయలు, పద్మాక్షి గుట్టకు వెళ్లాం. గుడి మెట్ల వైపు కాదు, పక్కన బండలున్న వైపు. పావుగంట ఏమీ లేదు. తర్వాత ఒక బండ అంచున తల లేచింది. మూతి నుంచి వీపంతా సింధూరపు ఎరుపు, పక్కలూ కాళ్లూ కటిక నలుపు, ఎర్ర తువ్వాల కప్పుకున్న సింగరేణి కార్మికుడిలా ఉంది. రాతి తొండ, మగది. ముందు కాళ్ల మీద లేచి దిగుతూ దండీలు తీస్తోంది. ఎవరి కోసమా అని చూస్తే, ఇందాకటి నుంచి మేం బండ పగులు అనుకున్నది ఆడ తొండ! పక్క బండ మీదికి ఇంకో మగది రాగానే రెండూ ఉరికాయి, ఓడినది కళ్ల ముందే వెలిసిపోయి మట్టి రంగుకు వచ్చేసింది. మా ఆయన చెప్పులు ఎక్కడ విడిచాడో మర్చిపోయి కాలే బండ మీద నిలబడి వీడియో తీశాడు.

వెళ్లేవాళ్లు తొమ్మిది, పదకొండు మధ్య వెళ్లండి, పది అడుగుల దూరంలో కదలకుండా కూర్చోండి, గొడుగు వద్దు, నీడ కదిలితే దూరిపోతాయి. గైడ్ అక్కర్లేదు.

గుట్ట కింద టీ కొట్టు దగ్గర కంపదడి మీద మామూలు తొండ ఒకటి, మెడా భుజాలూ ఎర్రబడి, తల ఊపుతూ. "పొద్దుగాల్నుంచి గిదే తంతు బిడ్డా, ఆడిదేమో అటు సూడనే సూడది" అంది టీ అవ్వ. టీ 10. ఆ మాటకు అందరం నవ్వాం కానీ, ఇంకో ఆడది మంచినీళ్ల కుండ పక్కన తడిమట్టి తవ్వుతోంది, ముందు కాళ్లతో గీకి, ఆగి, చుట్టూ చూసి, మళ్లీ గీకి. పది, ఇరవై గుడ్లు కూడా పెడుతుందట, పైన మట్టి కప్పేసి వెళ్లిపోతుందట. అది వెళ్లేదాకా లేవనని మా వాడు భీష్మించుకున్నాడు. పన్నెండింటి బస్సు పోయింది. అవ్వ అటూ ఇటూ రెండు ఇటుకలు పెట్టింది, ఎవరూ తొక్కకుండా.

"ఎన్ని రోజులకు పొదుగుతాయిరా?" మా ఆయన అడిగాడు.

"ఆరేడు వారాలు మామా."

వేళ్ల మీద లెక్కపెట్టి, జులై ఇరవై తర్వాత శనివారం ఎప్పుడో ఫోన్లో చూడమన్నాడు నన్ను.