గ్రాఫును ఇంగ్లీషులో వర్ణించడం: ముందు మాటలా, ముందు చూపా?

గ్రాఫులను ఇంగ్లీషులో వర్ణించడం నేర్పేవారు ఎక్కువగా రెండు దారులు పడతారు. పెరగడానికీ తగ్గడానికీ పనికొచ్చే మాటల పట్టిక ఇచ్చి బట్టీ పట్టించడం ఒకటి. మాటల జోలికి పోకుండా ముందు గ్రాఫును చూడటం నేర్పడం రెండోది. నమూనా జవాబులు కంఠస్థం చేయించేవారూ ఉన్నారు కానీ, గ్రాఫు మారగానే అవి చేతులెత్తేస్తాయి.

పట్టికకు ఆదరణ ఊరికే రాలేదు. మొదటి రోజే ‘రైజ్’, ‘డ్రాప్’, ‘ఫ్లక్చుయేట్’ లాంటి పదిహేను మాటలు చేతికొస్తాయి, ఒక పేరా నిలబడుతుంది. పరీక్షకు రెండు వారాలే ఉంటే నేనూ అదే చేస్తాను. చిక్కంతా తర్వాతే. ఇంటి ఖర్చులో అద్దె 35 శాతం, ప్రయాణాలు 20 శాతం అని చూపే గుండ్రటి ‘పై చార్ట్’ (pie chart) ఒకటి ఇచ్చి చూడండి. ‘రెంట్ ఇంక్రీజ్డ్’ అని రాసేస్తారు. అందులో కాలమే లేదు, ఇక పెరిగిందెప్పుడు? 40 నుంచి 42కి జరిగిన గీతకు ‘సోర్డ్’ (soared, అమాంతం ఎగసింది) తగిలించేవారూ ఉంటారు. మాట ఆకాశానికి ఎగురుతుంది, గీత మాత్రం నేల మీదే ఉంటుంది.

చూపు పద్ధతిలో మొదటి పావుగంట కలం పట్టనివ్వను. నిలువు గీత మీద ఉన్నవి వేలా, శాతాలా? అడుగున సంవత్సరాలున్నాయా? అన్నిటికంటే పెద్ద సంగతి ఏమిటి? జవాబులు తెలుగులోనే చెప్పమంటాను. తెలుగు ఇక్కడ అడ్డు కాదు సరికదా, దారి చూపుతుంది. ‘30కి పెరిగింది’, ‘30 పెరిగింది’ ఒకటేనా అంటే ఎవరూ తడబడరు. ఆ ‘కి’ ఉన్నచోట ఇంగ్లీషులో ‘టు’, లేనిచోట ‘బై’. శాతాల దగ్గర మాత్రం తెలుగులోనూ తప్పటడుగే: 40 శాతం 50 శాతమైతే పెరిగింది 10 శాతం కాదు, 10 శాతం పాయింట్లు. శాతంగా చెప్పాలంటే 25.

ఇంగ్లీషు ప్రావీణ్యాన్ని కొలిచే ఐఈఎల్‌టీఎస్ (IELTS) అకడమిక్ రాత పరీక్షలో, గ్రాఫు లాంటివాటిని వర్ణించమనే మొదటి ప్రశ్నకు కనీసం 150 పదాలు రాయాలి. దాన్ని 4 కొలమానాలతో దిద్దుతారు. పదసంపద అందులో ఒకటి మాత్రమే. మొత్తం మీద గ్రాఫు ఏం చెబుతోందో రాయకపోతే ఎంత బరువైన మాటలు వాడినా మంచి బ్యాండు (స్కోరు) రావడం కష్టం.

చూపు పద్ధతికీ లోటుంది: నిదానం. పైగా అంతా అర్థమయ్యాక కూడా ‘గో అప్’ ఒక్కటే ఎనిమిది సార్లు వస్తుంది. అందుకే నా ఓటు చూపుకే అయినా, రెండో వారంలో చిన్న పట్టిక ఇస్తాను. ఆరు క్రియలు, వాటి పక్కన ‘కొద్దిగా’, ‘బాగా’ అని చెప్పే మాటలు నాలుగు.

ఆ పైన ఇద్దరేసి కూర్చుంటారు. ఒకరు గ్రాఫు దాచి వర్ణిస్తే, రెండోవారు విని గీయాలి. ఒకసారి 20 నుంచి 30కి వెళ్లిన గీతను ఒకమ్మాయి ‘బై 30’ అంది. పక్కనున్న అబ్బాయి గీత 50 దాకా పోయింది. కాగితాలు పక్కపక్కన పెట్టుకుని తప్పెవరిదని వాదించుకున్నారు. నేను కలగజేసుకోలేదు.