వానల్లో ములుగు దారి: బ్యాగులు భుజాన, పిల్లాపెద్దా వెంట

సొంత బండి లేకుండా ఇంటిల్లిపాదీ ములుగు వైపు వెళ్ళాలనుకునేవాళ్ళకు ముందుగా ఒక మాట. జాతీయ రహదారి మీద ఉన్నంతసేపు ఏ దిగులూ లేదు. హనుమకొండ నుంచి ములుగు, గోవిందరావుపేట, పస్రా, తాడ్వాయి మీదుగా ఏటూరునాగారం దాకా బస్సులు దొరుకుతాయి. కష్టమంతా ఆ రోడ్డు దిగి లోపలికి పోయే దారుల్లోనే. రామప్ప గుడి, లక్నవరం చెరువు, బొగత జలపాతం మూడూ అలా లోపలికి ఉన్నవే. పొద్దువాలితే అక్కడ ఆటో దొరకడం కష్టం, ఫోను సిగ్నల్ ఉంటే ఉంటుంది లేకపోతే లేదు, గట్టి వాన పడితే వాగు రోడ్డెక్కుతుంది. మా ప్రయాణంలో తేడా వచ్చిందంతా ఇక్కడే.

వెళ్ళింది నేను, మా ఆయన, ఎనిమిదో తరగతి చదివే పాప, రెండో తరగతి బాబు, మా అత్తమ్మ. అత్తమ్మకు చేతిసంచి, మిగతా అందరికీ వీపున బ్యాగులు. ఆగస్టులో వరుసగా సెలవులు వస్తే కాజీపేటలో రైలు దిగాం.

హనుమకొండలో బస్టాండుకు నడిచేంత దూరంలో ఉన్న ఒక మామూలు లాడ్జిలో దిగాం. గది చిన్నదే కానీ దుప్పట్లు ఉతికినవి, పొద్దున్నే వేడినీళ్ళు వచ్చాయి, కింద ఇడ్లీ బండి ఉంది. కుటుంబంతో ఉండటానికి ఈ ఊరికి వంక పెట్టలేను. 1163 నాటి వేయిస్తంభాల గుడి, భద్రకాళి చెరువు, వరంగల్ కోటలోని కీర్తి తోరణాలు ఒక్క రోజులో తీరిగ్గా చూడొచ్చు. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం ఏళ్ళ తరబడి విప్పదీసిన రాళ్ళుగానే ఉండేది. 2024లో మళ్ళీ నిలబెట్టి తెరిచారు. ఇదివరకు వెళ్ళొచ్చినవాళ్ళు కూడా దాని కోసం ఇంకోసారి వెళ్ళండి.

మర్నాడు బస్సెక్కాం. మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బులు లేవు కదా, ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. ఆ కార్డులు బ్యాగు అడుగున పెట్టకుండా చేతికందేలా ఉంచుకోండి. ములుగు దాటాక జంగాలపల్లి క్రాస్ రోడ్డులో దిగి, అక్కడి నుంచి రామప్ప గుడి ఉన్న పాలంపేటకు ఆటో మాట్లాడుకున్నాం. గుడి దగ్గర ఆగి మళ్ళీ క్రాస్ రోడ్డుకు తెచ్చి దింపేలా, రానూపోనూ కలిపి బేరం చేసుకోవాలి. తిరుగు ఆటో అక్కడే దొరుకుతుందిలే అనుకోవద్దు.

రామప్ప గుడి గురించి ఎంత చెప్పినా తక్కువే. కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ఈ వివరాలు బడి పుస్తకంలోనూ ఉంటాయి. కానీ పైకప్పు అంచుల్ని మోస్తున్నట్టు ఏటవాలుగా ఉన్న మదనికలు అనే ఆడబొమ్మల కింద నిలబడి తల పైకెత్తితే తప్ప అసలు సంగతి తెలియదు. గోడలు ఎర్రటి ఇసుకరాయి, ఈ బొమ్మలు మాత్రం నల్లరాయి. వానమబ్బు వెలుతురులో ఆ నలుపు నూనె రాసినట్టు మెరుస్తోంది. ఒక మదనిక కాళ్ళకు ఎత్తుమడమల చెప్పులున్నాయి. మా పాప వాటిని చూసి, "అమ్మా, ఎనిమిది వందల ఏళ్ళ కిందట హీల్సా!" అంటూ అక్కడి నుంచి కదల్లేదు. లోపలి స్తంభాల నునుపులో మన నీడ కనిపిస్తుంది. కాకతీయుల నాటి పేరిణి నాట్యానికి నాట్యగురువు నటరాజ రామకృష్ణ మళ్ళీ ప్రాణం పోసింది ఈ శిల్పాల భంగిమలు చూసేనని అత్తమ్మకు చెబితే, ఆవిడ డోలు వాయించేవాళ్ళ వరుస దగ్గర చాలాసేపు నిలబడిపోయింది. పునాదిలో ఇసుక నింపి కట్టిన తీరు, శిఖరానికి వాడిన నీళ్ళమీద తేలే ఇటుకలు, ఇవన్నీ గైడును అడిగి చెప్పించుకోండి. గైడుకిచ్చిన డబ్బు వృథా కాదు. పిల్లలు ఊరికే చుట్టి వచ్చేస్తే గుడి వాళ్ళకు గుర్తుండదు.

మేం గుడిలో ఉండగానే వాన దిగింది. ఆగే వానలా లేదు. ఆటో అతను మాట తప్పకుండా కాచుకుని ఉన్నాడు, క్రాస్ రోడ్డులో దింపాడు. బస్సు పట్టుకుని లక్నవరం మలుపు దగ్గర దిగేసరికి చీకటి పడింది. ఆ రాత్రికి లక్నవరం దారిలో ఒక ప్రైవేటు బసకు ఆన్‌లైన్‌లో ముందే డబ్బు కట్టాం. చేతిలో రసీదు ఉంది, పొద్దున్నే ఫోన్ చేసి వస్తున్నామని కూడా చెప్పాం. తీరా తడుస్తూ చేరితే గదులు వేరేవాళ్ళకు ఇచ్చేశారు. కౌంటర్లో ఉన్న అబ్బాయి రసీదు చూసి "ఇది మా దగ్గరికి రాలేదు సార్" అన్నాడు, యజమాని ఫోను ఎత్తలేదు. ముసలావిడ తడిసి నిలబడి ఉంటే కూర్చోమని ఒక కుర్చీ కూడా వేయలేదు. గది లేకపోవడం కంటే నాకు ఇదే ఎక్కువ బాధేసింది. డబ్బు చాలా రోజులకు తిరిగి వచ్చింది, అది వేరే సంగతి.

మమ్మల్ని ఆదుకున్నది రోడ్డు మీది కిరాణా కొట్టు ఆవిడ. చూరు కింద నిలబడ్డ మమ్మల్ని చూసి, "ఈ వానల పెద్దామెను, పోరగాండ్లను పట్టుకొని యాడికి పోతరు బిడ్డా, లోపట కూసోండ్రి" అని తలుపు తీసింది. పిల్లలకు తువ్వాలు ఇచ్చింది, అందరికీ చాయ్ పెట్టింది, అత్తమ్మ బీపీ గోళీ వేసుకోవాలంటే ముందు ఇంత తినమని అన్నం, పప్పుచారు పెట్టింది. వాళ్ళబ్బాయి తెలిసిన ఆటోకు ఫోన్ చేశాడు. ములుగు దాకా వెనక్కి వచ్చి లాడ్జిలో గది తీసుకున్నాం. డబ్బులివ్వబోతే ఆవిడ చేతులు వెనక్కి పెట్టుకుంది. చివరికి కొట్లో బిస్కెట్లు, సబ్బులు అవసరానికి మించి కొని వచ్చాం.

ములుగు లాడ్జి గురించి చెప్పాలంటే, గోడకు చెమ్మ ఉంది కానీ ఫ్యాను గట్టిగా తిరిగింది. ఆ రాత్రి మాకు కావాల్సింది అదే. బ్యాగులు విప్పితే సగం బట్టలు తడి. పైన వేసే రెయిన్ కవరు వీపు వైపు నుంచి కారే నీళ్ళను ఆపదు. బట్టల్ని ముందు మందపాటి ప్లాస్టిక్ సంచుల్లో మూతి కట్టి, ఆ తర్వాత బ్యాగులో పెట్టాలి. అత్తమ్మ తన సంచిలో అలాగే పెట్టుకుంది, ఆవిడ బట్టలొక్కటే పొడిగా ఉన్నాయి.

పొద్దున వాన తెరిపిచ్చింది. లక్నవరం వెళ్ళాం. కొండల మధ్య చెరువు, నీళ్ళలో దీవులు, వాటిని కలుపుతూ వేలాడే వంతెన. నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు చూడటం అదృష్టమే. గాలి ఎక్కువగా ఉందని పడవలు ఆపేశారు. పిల్లలు ముఖాలు చిన్నబుచ్చుకున్నారు కానీ ఆపినందుకు నాకు సంతోషమే. సెలవు రోజు జనం విపరీతం, వంతెన మీద సెల్ఫీల కోసం నిలబడేవాళ్ళతో నడక సాగదు. వారం మధ్యలో వెళ్ళగలిగితే అప్పుడే వెళ్ళండి. తిండి సంగతి మాత్రం మనమే చూసుకోవాలి. అక్కడ దొరికిన ఫ్రైడ్ రైస్ కంటే రోడ్డు పక్కన కాల్చిన మక్క కంకులే మాకు నయమనిపించాయి.

అక్కడే మా ఆయన బ్యాగు పట్టీ కుట్టుతో సహా ఊడిపోయింది. పస్రాలో చెప్పులు కుట్టే పెద్దాయన ఒకాయన దాన్ని మోకాలి మీద పెట్టుకుని, పాత కుట్టంతా విప్పేసి, లోపల తోలు ముక్క ఒకటి అతికి, ఆరెతో పొడుస్తూ మైనం దారంతో రెండు వరుసలు కుట్టాడు. కంపెనీ కుట్టు ఊడింది కానీ ఇది ఇప్పటికీ కదల్లేదు. యాభై రూపాయలు అడిగాడు, మా ఆయన వంద ఇచ్చారు.

ఏటూరునాగారం చేరిన రాత్రి బాబుకు జ్వరం. పొద్దున్నే సర్కారు దవాఖానాకు తీసుకెళ్ళాం. అడవి, గిరిజన గూడేలు ఉన్న ఏజెన్సీ ప్రాంతం కాబట్టి జ్వరమంటే ముందు మలేరియా సంగతి తేలుస్తారు. వేలికొన పొడిచి రక్తపు చుక్క తీసి కిట్ మీద పరీక్షించారు. మలేరియా కాదని తేలింది. మందులు, ఓఆర్ఎస్ ఇచ్చి, రెండు రోజుల్లో తగ్గకపోతే మళ్ళీ రమ్మన్నారు. పైసా ఖర్చు లేదు. నర్సమ్మ వాడితో మాట్లాడిన తీరుకు వాడు సూది సంగతే మరిచిపోయాడు. ఆ రోజంతా గదిలోనే ఉండిపోయాం. అటు వెళ్ళేవాళ్ళు దోమల క్రీము, పిల్లలకు నిండు చేతుల బట్టలు, జ్వరం మందు తప్పకుండా పెట్టుకోండి.

బాబు తేరుకున్నాక బొగతకు ఆటో మాట్లాడాం. ముల్లకట్ట దగ్గర గోదావరి వంతెన దాటి వాజేడు వైపు పోవాలి. వంతెన మీద ఆటో ఆపించి చూస్తే గోదావరి ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఎర్రగా ఉరుకుతోంది. తీరా బొగత దగ్గరికి పోతే వరద ఎక్కువగా ఉందని గేటు మూసేశారు. మాతో పాటు వచ్చిన కొందరు కుర్రాళ్ళు సిబ్బందితో వాదులాటకు దిగారు. నాకు మాత్రం ఆ సిబ్బంది వైపే నిలబడాలనిపించింది. 2023 జులైలో ఇదే జిల్లా ముత్యాలధార జలపాతానికి వెళ్ళిన పదుల మంది వాగు పొంగి రాత్రంతా అడవిలో చిక్కుకుంటే రక్షక దళాలు వెళ్ళి తీసుకురావాల్సి వచ్చింది. ఆ వారంలోనే వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64 సెంటీమీటర్లకు పైగా వాన పడింది, కొండాయి ఊళ్ళోకి జంపన్న వాగు వచ్చి మనుషుల్ని తీసుకుపోయింది. ఈ వాగులు ఎంత తొందరగా లేస్తాయో ఇక్కడివాళ్ళకు తెలుసు. వాళ్ళు వద్దంటే వెనక్కి తిరగడమే.

మళ్ళీ ఇదే దారికి అక్టోబరు చివర్లో వెళ్ళాలని అనుకుంటున్నాం. అప్పటికి వానలు తగ్గుతాయి, బొగతలో ఇంకా నీళ్ళుంటాయి. ఈసారి బ్యాగులన్నీ ములుగులోనే ఒక గదిలో పెట్టేసి, పొద్దున్నే రోజుకొక చోటికి పోయి, నాలుగు గంటలకల్లా పెద్దరోడ్డు మీదికి వచ్చేస్తాం. బసకు ముందుగా డబ్బు కట్టడం లేదు, చూసి, దిగాకే కడతాం. కిరాణా కొట్టు ఆవిడకు అత్తమ్మ సకినాలు చేసి పట్టుకెళ్తానంటోంది.