నెల్లూరులో నాలెడ్జ్ మ్యాపింగ్ ట్రైనింగ్: వెళ్లొచ్చా?

రొయ్యల చెరువుల ప్రాజెక్టు ఉందని మేం నలుగురం రెండు రోజుల క్లాసుకి వెళ్లాం. మామూలుగా స్టేక్‌హోల్డర్లంటే, అదే ప్రాజెక్టుతో సంబంధం ఉన్నవాళ్లంటే, ఎవరికి పలుకుబడి, ఎవరికి ఆసక్తి అని నాలుగు గళ్లలో పేర్లు రాసేస్తాం కదా, ఇక్కడ ఎవరికి ఏం తెలుసు, అది ఎవర్ని అడిగి తెలుసుకున్నారు అని చార్టు మీద బాణాలు గీయించారు. గీస్తే తేలిందేంటంటే, తెల్లమచ్చల వైరస్ వస్తే మా రైతులు ముందు పరిగెత్తేది ల్యాబుకి కాదు, మేత అప్పిచ్చే డీలరు దగ్గరికి! మా జాబితాలో ఆయన పేరే లేదు. రాత్రిళ్లు ఏరేటర్లు (చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) చూసుకునే కాపలా కుర్రాడూ లేడు, రొయ్య పైకి తేలితే ముందు చూసేది వాడేగా.

రెండో రోజు మాత్రం దండగ, పొద్దస్తమానం సాఫ్ట్‌వేరే, అదీ సగంసేపు తెరుచుకోలేదు. ఫీజుకి మొదటి రోజు చాలు. భోజనంలో చేపల పులుసు బాగుంది.