కొండ దిగాక ఒక్కరోజు మిగిలితే: తలకోనా, నేలపట్టా, ఊళ్లోనే ఉండిపోవడమా?

శ్రీవారి దర్శనం అయిపోయింది, తిరుగు రైలు రేపు రాత్రికి. తిరుపతిలో కాపురం ఉన్నవాళ్లందరికీ ఇలాంటప్పుడు చుట్టాల నుంచి ఫోను వస్తుంది: "పిల్లలేమో జలపాతం అంటున్నారు, అత్తయ్య కాళహస్తి చూడాలంటోంది, ఈయనకు అడవి కావాలంట. ఎటు పొమ్మంటావు వదినా?"

మూడూ దొరికే ఊరే ఇది. కాకపోతే ఒకేరోజు మూడూ ఒకే దారిలో దొరకవు. పడమటికి పోతే శ్రీనివాసమంగాపురం గుడి, తలకోన జలపాతం. తూర్పుకు పోతే శ్రీకాళహస్తి, పక్షులుండే నేలపట్టు, పులికాట్ సరస్సు. ఎటూ పోకపోతే కపిలతీర్థం, జూ. చాలామంది వీటిని కిలోమీటర్లతో తూచి, దగ్గరున్నదానికి బండి మాట్లాడుకుంటారు. నన్నడిగితే కిలోమీటర్లు ఆఖర్న చూడాలి. ముందు ఇది ఏ నెల అని, ఆ తర్వాత బండిలో ఎవరెవరు ఎక్కుతున్నారు అని.

పడమటి దారితో మొదలుపెడతాను, ఎక్కువమంది అడిగేది అదే కాబట్టి. మదనపల్లె రోడ్డు మీద 12 కిలోమీటర్లకే శ్రీనివాసమంగాపురం వస్తుంది. పెళ్లయ్యాక స్వామివారు, పద్మావతమ్మ కొండెక్కకుండా ఆరు నెలలు ఇక్కడే ఉన్నారని స్థలపురాణం. కొండమీద "జరగండి, జరగండి" అనే కేకల మధ్య రెప్పపాటు కనిపించిన దేవుణ్ణి ఇక్కడ నిలబడి తీరిగ్గా చూసుకోవచ్చు. పెద్దవాళ్ల మనసు ఇక్కడే సగం నిండిపోతుంది. గుడి, జలపాతం రెండూ ఒకే దారిలో ఉండటం ఈ వైపు ఉన్న పెద్ద సుఖం.

అక్కణ్ణించి రంగంపేట, ఆ తర్వాత భాకరాపేట ఘాట్. మలుపులు బాగానే ఉంటాయి, కార్లో వాంతి చేసుకునే పిల్లలుంటే ముందే జాగ్రత్తపడండి. 2022 మార్చిలో నిశ్చితార్థానికి వెళ్తున్న బస్సు రాత్రిపూట లోయలో పడింది ఈ ఘాట్‌లోనే. అందుకే వచ్చేటప్పుడు చీకటి పడకముందే ఘాట్ దాటేలా చూసుకోవాలి. తిరుపతి నుంచి తలకోన మొత్తం కలిపి 60 కిలోమీటర్ల లోపే అయినా, గంటలో చేరిపోతాం అనుకుంటే కుదరదు.

తలకోన జలపాతం ఎత్తు 270 అడుగులు, ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికన్నా ఎత్తైనదని పేరు. శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో ఉంది. కింద సిద్ధేశ్వరస్వామి గుడి. గుడి దాటాక బండి పోదు, నడకే. రాళ్లు పరిచిన బాట, మెట్లు, ఎక్కడం, దిగడం. రెండు పక్కలా చెట్లు కమ్ముకుని ఉంటాయి, మధ్యమధ్య ఎర్రచందనం మానులు కనిపిస్తాయి. మొసలి తోలులా పలకలు పలకలుగా చీలిన నల్లటి బెరడు చూస్తే గుర్తుపట్టొచ్చు. దుంగలుగా పేపర్లో ఫొటోలు చూడటమే తప్ప, చెట్టుగా నిలబడి ఉండగా ఎర్రచందనం చూడనివాళ్లే మనలో ఎక్కువ. తూర్పు కనుమల్లోని ఈ కాస్త మేర తప్ప ఇంకెక్కడా సహజంగా పెరగని చెట్టది. పిల్లలకు జలపాతం కన్నా ముందు అది చూపించండి.

ఇక నీళ్లు. ఇక్కడే చాలామంది దెబ్బతినేది. ఫొటోల్లో కనిపించే ధార అక్టోబరు నుంచి జనవరి దాకా, అదీ వానలు సరిగా పడిన ఏడు. మే నెలలో వస్తే కొండ అంచు నుంచి సన్నటి తీగలా జారుతుంటుంది, కింద మడుగు చుట్టూ కోతులు, జనం. వేసవి సెలవుల్లో హైదరాబాదు నుంచి పనిగట్టుకుని వచ్చినవాళ్ల మొహాలు చూడాలి అప్పుడు. అలాగని నవంబరులో తుపాను పట్టిన వారం వచ్చినా లాభం లేదు. వాగులు పొంగితే అటవీశాఖ వాళ్లు గేటు దగ్గరే ఆపేస్తారు, ఆపడమే మంచిది కూడా. వాన వెలిసి మూడు నాలుగు రోజులు గడిచాక వెళ్తే నీళ్లూ ఉంటాయి, దారీ ఉంటుంది. అప్పటికీ బండల మీద పాచి పట్టి ఉంటుంది కాబట్టి చెప్పుల సంగతి చూసుకోండి. తోలు చెప్పులతో వచ్చి, నడవలేక, చేత పట్టుకుని నడిచేవాళ్లు ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటారు.

మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యను ఇక్కడికి తీసుకొస్తే ఆవిడ సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గరే కూర్చోవాలి, తోడుగా ఇంకొకరు కూర్చోవాలి. అప్పుడిక అది అందరి ప్రయాణం అనిపించుకోదు.

జంతువుల మాట అంటారా, తలకోన అడవిలో చిరుతలు, ఏనుగులు, దేవాంగ పిల్లులు అన్నీ ఉన్నాయి. ఉన్నాయి అనడం వేరు, కనిపిస్తాయి అనడం వేరు. పగటిపూట కుటుంబంతో వెళ్లినవాళ్లకు కోతులు, ఉడతలు, సీతాకోకచిలుకలు. కనిపించకపోవడమే అదృష్టం అనుకోవాల్సిన చోటు ఇది. 2025 శివరాత్రికి ముందు అన్నమయ్య జిల్లా వైపు నుంచి అడవి దారిన తలకోనకు నడిచి వస్తున్న భక్తుల మీద ఏనుగుల గుంపు పడి ముగ్గురు చనిపోయారు. బాట వదిలి లోపలికి పోయి సెల్ఫీలు తీసుకునే కుర్రాళ్లు గుంపులో ఉంటే వాళ్ల మీద ఒక కన్నేసి ఉంచండి. అడవిలో తిరగడం చాలు, ఏదీ కనిపించకపోయినా ఫర్వాలేదు అనుకునేవాళ్లకు తలకోన బాగుంటుంది. "అంత దూరం వచ్చాం, ఒక్క జింకైనా లేదే" అనేవాళ్లకు తూర్పు దారి.

తూర్పున జంతువులు కాదు, పక్షులు. చూస్తామో లేదో అన్న బెంగ అక్కర్లేదు, నెల సరైనదైతే వేలల్లో కనిపిస్తాయి. నేలపట్టు దొరవారిసత్రం మండలంలో, చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారికి దగ్గర్లోనే ఉన్న చిన్న ఊరు. జిల్లాల విభజన దాకా నెల్లూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. అక్కడి చెరువు, దాని చుట్టుపక్కల నేల కలిపి 459 హెక్టార్లే పక్షుల అభయారణ్యం. 1976లో ప్రకటించారు. అక్టోబరు నుంచి మార్చి దాకా గూడబాతులు (పెలికాన్లు) ఇక్కడ గూళ్లు కట్టి పిల్లల్ని చేస్తాయి. చెరువు నీళ్లలో నిలబడ్డ కడప అనే రకం చెట్ల మీద ఒక్కో కొమ్మకు అన్నేసి గూళ్లు. రెట్టలతో చెట్టంతా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటుంది, గాలి మనవైపు తిరిగితే వాసన కూడా గట్టిగానే తగులుతుంది. తల్లిపక్షి పులికాట్ దాకా ఎగిరి చేపలు పట్టి తెస్తుంది. వాలీ వాలగానే పిల్ల తన తలను, మెడను తల్లి ముక్కు కింద సంచిలోకి పూర్తిగా దూర్చేస్తుంది. మొదటిసారి చూసే పిల్లలు "మింగేస్తోంది, మింగేస్తోంది" అని అరుస్తారు. దుర్భిణి ఉంటే ఆ దృశ్యం చేతికందేంత దగ్గరగా కనిపిస్తుంది, లేకపోతే తెల్లటి చుక్కలే. ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి.

ఇవన్నీ సైబీరియా నుంచి వస్తాయని డ్రైవరు చెబుతాడు, హోటల్లో సర్వరూ చెబుతాడు. ఉత్తరాది చలిదేశాల నుంచి వచ్చే బాతులు పులికాట్‌లో ఉన్న మాట నిజమే కానీ, ఈ గూడబాతులు మన దక్షిణాదివే. నీళ్లు, చేపలు ఎక్కడుంటే అక్కడికి మకాం మారుస్తాయి, అంతే. ఊరివాళ్లు వీటిని తరిమిన పాపాన పోరు. రెట్టలు కలిసిన ఆ చెరువు నీళ్లు పొలాలకు పారితే ఎరువు వేసినట్టే కదా.

నేలపట్టు నుంచి సూళ్లూరుపేట వచ్చి శ్రీహరికోట రోడ్డు ఎక్కితే రెండు పక్కలా పులికాట్ సరస్సు. దేశంలో చిల్కా తర్వాత ఇదే పెద్ద ఉప్పునీటి సరస్సు. రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది. కారు పక్కకు ఆపుకుని, దిగకుండానే రాజహంసలను (ఫ్లెమింగోలను) చూడొచ్చు. పొడుగుకాళ్లతో పలచటి నీళ్లలో నిలబడి, తల తిరగేసి, ముక్కుతో బురదను జల్లెడ పడుతుంటాయి. తినే తిండిలోని రంగే వాటికి గులాబీ రంగుగా దిగుతుంది. మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యకూ, ఒళ్లో చంటిబిడ్డ ఉన్న తల్లికీ ఇంతకన్నా సుఖమైన చోటు ఈ చుట్టుపక్కల లేదు. రోడ్డు చివర అంతరిక్ష కేంద్రం చెక్‌పోస్టు, అక్కణ్ణించి వెనక్కి తిరగాల్సిందే. రాకెట్ ప్రయోగం ఉన్న రోజు మాత్రం సూళ్లూరుపేట వైపే వెళ్లకండి. ప్రయోగమే చూడాలనుకుంటే అది వేరే ప్రయాణం, ముందే పేరు నమోదు చేసుకోవాలి.

కాళహస్తి ఈ దారిలో ముందే తగులుతుంది, తిరుపతి నుంచి 40 కిలోమీటర్లు కూడా లేదు. అందుకని అందరూ పొద్దున్నే గుడికి వెళ్లి, తర్వాత పక్షులు చూద్దాం అనుకుంటారు. అది తిరగబడాలి. రెండు కారణాలు. గూడబాతుల సందడంతా పొద్దున, ఎండెక్కేకొద్దీ చూసే మన ఓపికా తగ్గుతుంది. రెండోది పెద్దవాళ్లకు తెలిసిందే: కాళహస్తి దర్శనం అయ్యాక ఇంకెక్కడికీ పోకుండా నేరుగా ఇంటికి వెళ్లాలంటారు. నమ్మినా నమ్మకపోయినా, బండిలో ఒక్కరికి ఆ పట్టింపు ఉన్నా మిగతా రోజంతా సణుగుడే. తెల్లారి ఐదింటికి బయల్దేరి, కాళహస్తి ఊరు దాటి నేరుగా నేలపట్టు పోయి, పులికాట్ చూసుకుని, భోంచేసి, మధ్యాహ్నం తిరుగుదారిలో గుడికి వస్తే అన్నీ కుదురుతాయి. వాయులింగం, పాతాళ గణపతి, 2010లో కూలిపోయి 2017లో మళ్లీ లేచిన రాజగోపురం తీరిగ్గా చూడొచ్చు. రాహుకేతు పూజ చేయించుకునేవాళ్లుంటే ఆదివారం వద్దు. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలమని ఆ వేళకే జనమంతా చేరతారు.

ఈ దారికి ఉన్న లోటు ఒక్కటే, నెల తప్పితే ఏమీ మిగలదు. ఏప్రిల్ దాటాక నేలపట్టులో గూళ్లు ఖాళీ, పులికాట్ చాలామేర ఎండి బీడుగా కనిపిస్తుంది. ఈశాన్య రుతుపవనం మొహం చాటేసిన ఏడు డిసెంబరులో కూడా పక్షులు పలచగానే ఉంటాయి. అప్పుడు ఇది వట్టి కాళహస్తి ప్రయాణమే అవుతుంది, దానికి పొద్దున్నే లేవక్కర్లేదు.

తూర్పు దారిలోనే జలపాతం కూడా ఉందిగా అంటారు కొందరు. ఉంది, వరదయ్యపాళెం దగ్గర ఉబ్బలమడుగు. తడ జలపాతం అని చెన్నై కుర్రాళ్లు పిలుచుకునేది అదే. వాగులో బండలు పట్టుకుని పోవాలి, మడుగులు లోతు, ఈతకు దిగి మునిగిపోయినవాళ్ల వార్తలు పేపర్లో వస్తూనే ఉంటాయి. పిల్లాజెల్లాతో వెళ్లే చోటు కాదు, దాన్ని ఈ లెక్కలోకి తీసుకోను.

మూడోది ఊళ్లోనే ఉండిపోవడం. దీన్ని అందరూ చులకన చేస్తారు గానీ, నవంబరులో కపిలతీర్థం చూసినవాళ్లు అలా అనరు. గుడి కోనేటిలోకే కొండ మీంచి నీళ్లు దూకుతాయి. గుడీ జలపాతమూ ఒకే ఆవరణలో, ఆటో చార్జీకి. కార్తీక సోమవారం తప్ప మిగతా రోజుల్లో జనం కూడా మరీ ఉండరు. వానలు తగ్గితే ధార ఆగిపోతుంది, అప్పుడది మామూలు గుడే.

శ్రీవేంకటేశ్వర జూ 1987లో మొదలైంది, 5,532 ఎకరాలు. సింహాలు, పులులు, ఎలుగులు ఖాయంగా కనిపిస్తాయి. ఐదేళ్ల లోపు పిల్లలకు అడవికీ జూకీ తేడా పట్టదు, వాళ్లకు సింహం కనిపించడమే ముఖ్యం. నడక మాత్రం చాలా ఉంటుంది, బ్యాటరీ బండి కోసం వరసలో నిలబడాలి. మంగళవారం సెలవు. గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చే ఆటోలు ప్రతి మంగళవారం కనిపిస్తాయి.

బండి ఖర్చు చూస్తే తూర్పు దారి అన్నిటికన్నా ఎక్కువ, తిరగడం రానూపోనూ 200 కిలోమీటర్లకు దగ్గర పడుతుంది. తలకోనకు బస్సులు తక్కువ, ఒకటి తప్పితే రోజంతా పోతుంది కాబట్టి అక్కడికీ కారే నయం. కాళహస్తి వరకే అయితే బస్సులు నిమిషాల మీద దొరుకుతాయి. స్త్రీశక్తి పథకంలో మన రాష్ట్రం ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఖర్చు కూడా లేదు, గుర్తింపు కార్డు మరచిపోకుండా ఉంటే చాలు.

ఇంతకీ వదినకు ఏం చెప్పాలి? డిసెంబరు, జనవరి అయితే కళ్లు మూసుకుని తూర్పు దారే చెబుతాను. అత్తయ్యకు కాళహస్తి, పిల్లలకు పక్షులు. జలపాతం లేదని అలిగేవాళ్లను కపిలతీర్థంతో సరిపెట్టొచ్చు, అది ముందురోజు సాయంత్రమే అయిపోతుంది. అక్టోబరు, నవంబరుల్లో, బండిలో అందరూ పదేళ్లు దాటి అరవైలోపు వాళ్లే అయితే తలకోన, వాన వెలిసిన నాలుగో రోజున. ఎండాకాలం అయితే ఎటూ వద్దు. పొద్దున్నే జూ, మధ్యాహ్నం గదిలో నిద్ర, సాయంత్రం శ్రీనివాసమంగాపురం. ఆరోజు మంగళవారం కాకుండా చూసుకోండి.